హెడ్మాస్టరుగారు ఉత్తరం వేయలేదు

సోమవారం ఉదయం

కొండ మీద గాలినీ వాననీ కొలుస్తున్న మా కోడలికి, కొండ కింద పుస్తకాలు కుడుతున్న మామయ్య ఆశీస్సులు.

అమ్మా, నీ కొండ మీద ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరం పాలవ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం నీ జవాబు తెచ్చిపెడతానన్నాడు. నువ్వు నీ పిల్లిని నాకు అప్పగించి ఆ వాతావరణ కేంద్రానికి వెళ్ళి రేపటికి రెండు వారాలు. "మామయ్యగారూ, పదకొండేళ్ళుగా పెంచుకున్నాను, అక్కడ పిల్లుల్ని ఉంచనివ్వరట, మూడు నెలలు చూసుకోండి" అని బుట్ట నా చేతిలో పెట్టినప్పుడు నేను "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ"కి కట్టుబడి ఉన్నాను. నువ్వు ఈ ఇంటికి వచ్చాక నన్ను అడిగిన మొదటి పని ఇది. ఇందులో మాట రాకూడదని నా పట్టుదల.

హెడ్మాస్టరుగారు పగలంతా నాతో దుకాణంలోనే ఉంటున్నారు. అందరి తప్పులూ పట్టుకోవడానికి వచ్చినట్టు నెమ్మదిగా నడిచే పిల్లికి సరైన పేరే పెట్టావు. నాకైతే "గారు" లేకుండా పిలవడానికి నోరు రావడం లేదు. కుట్టడానికి మడిచి పెట్టిన అచ్చు ఫారాల దొంతర ఎక్కడుంటే అక్కడే ఆయన పడక. నిన్న ఒక నిఘంటువు కుడుతుంటే సరిగ్గా "క" దగ్గర కూర్చుని లేవనన్నారు. కస్టమరు వచ్చి, ఇంకా అక్కడే ఉన్నారా అని అడిగితే ఆయన్నే చూపించాను.

ఆయన కోసం ఒక పెట్టె కూడా కట్టాను. నువ్వు ఇచ్చి వెళ్ళింది చూడడానికి మర్యాదగా లేదు, ఆయన హోదాకి తగదు. రెండు పొరల మందపాటి అట్ట, దాని మీద ఎర్ర కాలికో గుడ్డ, మూలలకి తోలు. ముందువైపు బంగారు అక్షరాలతో పేరు కూడా అద్దాను. నలభై ఏళ్ళలో ఏ పుస్తకాన్నీ ఇంత శ్రద్ధగా బైండు చేయలేదు.

ఇక అసలు సంగతి. కోడలికి రాయవలసిన విషయం కాదు, కానీ పిల్లి నీది. మూడు రోజులుగా హెడ్మాస్టరుగారు ఉత్తరం వేయలేదు. పెట్టె దాకా వెళ్తారు, చుట్టూ తిరుగుతారు, ఆలోచిస్తారు, వెళ్ళినవారు వెళ్ళినట్టే తిరిగొస్తారు. ఏం చేయమంటావో రాయి.

మీ మామయ్య

తా.క. కార్డులు మాత్రం రోజుకి మూడు పడుతున్నాయి. ఆ విషయంలో కంగారు పడకు.


సోమవారం సాయంత్రం

జిగురు గిన్నె పక్కన కూర్చుని ఇది చదువుతున్న మామయ్యగారికి, మీ కోడలి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, మా ఆఫీసరుగారు తన గదిలోంచి లేచొచ్చి ఏమైందని అడిగారు. మీలో ఇంత సరదా ఉందని నాకు తెలియదు. పిల్లికి ఎర్ర పెట్టె, దానికి బంగారు అక్షరాలు, మళ్ళీ ఉత్తరం వేయలేదని ఫిర్యాదు. ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. నేను ఇచ్చి వచ్చిన ఈకల బొమ్మ మర్యాదగా లేదన్న మాట నిజమే, సగం ఈకలు వాడే పీకేశాడు.

మూడు రోజులైనా ఒక్కటి కూడా వేయలేదా వెధవ? నాకు కోపం వచ్చిందని చెప్పండి. ఈ కవర్లో వాడికో చీటీ పెడుతున్నాను, చదివి వినిపించండి. ఎంత చిన్నదైనా ఫరవాలేదు మామయ్యగారూ, ఒకటి వేయించి, కవర్లో పెట్టి డ్రైవరు చేతికి ఇవ్వండి. నా మంచం పక్కన గోడకి అంటించుకుంటాను. ఇక్కడ అందరం ఇంటి నుంచి వచ్చినవి అలాగే అంటించుకుంటాం. పక్కగది అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పంపినవి పదిహేను ఉన్నాయి గోడ మీద.

గాలి బాగా వీస్తోంది. కాగితం ఎగిరిపోకుండా మోచేత్తో నొక్కిపెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకండి.

మీ కోడలు

తా.క. వాడికి ఒక్కడికీ చేతకాకపోతే మీరే కాస్త చేయి సాయం చేయండి. మీ దగ్గర ఆ బంగారు రంగు ఉందిగా, అందులో అయితే ఇంకా ముద్దుగా ఉంటుంది.


మంగళవారం ఉదయం

విజ్ఞానవంతురాలైన కోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కూర్చుని చదివాను.

చదువుకున్నదానివి. మీ కేంద్రంలో కొలిచే పరికరాలు, పరీక్షించే పరికరాలు చాలా ఉంటాయి. కాబట్టి ఏదో పరీక్ష కోసమే పంపమని ఉంటావని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గోడకి అంటించడం కూడా ఇప్పుడు వచ్చిన పద్ధతేమో. ఆ పక్కగది అమ్మాయి వాళ్ళ అమ్మమ్మగారి గురించి మాత్రం నేను ఆలోచించదలచుకోలేదు. పెద్దావిడ, ఆవిడ ఇష్టం.

కానీ అమ్మా, పంపడానికి ఉంటేగా? అదే కదా నా గోల. చేయి సాయం చేయమన్నావు. నలభై ఏళ్ళుగా చేతుల మీద బతికినవాణ్ణే, అయినా ఆ పని నా వల్ల కాదు. బంగారు రంగు సంగతి నేను చదవలేదనే అనుకుంటున్నాను.

నీ చీటీ ఆయనకి చదివి వినిపించాను. "వేయకపోతే నీతో మాట్లాడను" అన్న చోట నన్నొక చూపు చూశారు. తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళి, ముందరి కాళ్ళు అంచు మీద పెట్టి, కాసేపు అలాగే నిలబడి దిగిపోయారు. ఇది నాలుగో రోజు. తిండి సగానికి సగం తగ్గింది. రోజూ నా సూది వెనకాల దారం పట్టుకోవడానికి వచ్చే మనిషి, నిన్న దారం వైపు కూడా చూడలేదు.

నవ్వులాట కాదు, ఏదైనా ఉపాయం రాయి.

మీ మామయ్య

తా.క. నిన్న మధ్యాహ్నం ఒక టెలిగ్రాం మాత్రం వచ్చింది. దుకాణంలో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. నేను గట్టిగా దగ్గాను, కానీ వాళ్ళు నన్నే అనుమానించారు.


మంగళవారం సాయంత్రం

మామయ్యగారికి, సిగ్గుతో తల దించుకుని మీ కోడలు రాస్తున్నది.

మీ రెండో ఉత్తరం చదివాక గానీ నా బుర్ర వెలగలేదు. పిల్లి మీద పెట్టి మీరు అంటున్నది నన్ను. ఇక్కడికి వచ్చి రెండు వారాలైనా నా అంతట నేను మీకు ఒక్కటి కూడా వేయలేదు. నేరుగా అడగడానికి మొహమాటపడి హెడ్మాస్టరు పేరు చెబుతున్నారు. నేనేమో నవ్వులాటగా తీసుకున్నాను. క్షమించండి.

నిజం ఒప్పుకుంటున్నాను. ఈ విషయంలో చిన్నప్పటి నుంచీ నాది ఒళ్ళు వంగని బద్ధకం. హాస్టల్లో ఉండగా నెలకి ఒకటి వేస్తే గొప్ప. అదీ వార్డెను వెనకాల నిలబడి వేయిస్తేనే. అన్నాళ్ళూ దాచుకుని ఒకేసారి పెద్దది వేసేదాన్ని. ఒకసారి మరీ బరువైందని తూకం కూడా వేయించారు.

మీ అబ్బాయి నాలాగా కాదు. పెళ్ళికి ముందు ఆయన రోజుకి రెండు వేసేవారు. ఒకటి పొద్దున్నే, ఇంకొకటి డ్యూటీలో రైలు ఎక్కడ ఆగితే అక్కడ. అదీ పూల వాసన వచ్చే కాగితం మీద. అన్నీ రిబ్బను కట్టి మన ఇంట్లో నా బీరువాలో దాచాను. మీరు బైండు చేస్తానంటే తాళంచెవి ఎక్కడుందో చెబుతాను.

ఇవాళ్టి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పొద్దున ఎనిమిదింటి రీడింగు తీయగానే, ఎంత పని ఉన్నా సరే, కూర్చుని ఒకటి వేసే లేస్తాను. మీరు రోజుకి ఎన్ని వేస్తారో, ఏ వేళకి వేస్తారో రాయండి. ఇద్దరం ఒకే వేళకి పెట్టుకుంటే నాకూ ఉత్సాహంగా ఉంటుంది.

మీ కోడలు

తా.క. టెలిగ్రాం ఎవరిచ్చారు? అవి ఇంకా ఉన్నాయా? మా ఆఫీసరుగారు పుట్టాక ఒక్కటి కూడా చూడలేదట. ఈసారి వస్తే ఆయన కోసం దాచి ఉంచండి.


బుధవారం ఉదయం

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

దుకాణం తలుపులు మూసి వచ్చి ఇది రాస్తున్నాను.

నెలకి ఒకటా? నువ్వెలా బతికి బయటపడ్డావు తల్లీ? వెనకాల నిలబడిన ఆ వార్డెను ఎవరో, తూకం వేసిన మనిషి ఎవరో, మీ నాన్నగారు ఎలా ఊరుకున్నారో నాకు తెలియదు. అయిపోయిందేదో అయిపోయింది. ఇకనైనా నీళ్ళు బాగా తాగు. పళ్ళు తిను.

మావాడి సంగతి నాకు రాయవలసింది కాదు. వాడు రైలు గార్డు, వాడికి వేళాపాళా ఉండదని నాకు తెలుసు. కానీ నువ్వు పూల వాసనంటున్నావు, రిబ్బనంటున్నావు, బీరువా అంటున్నావు. ఆ బీరువా నా గదికి గోడ అవతలే ఉంది. నా చేతుల మీదుగా ఎన్నో పుస్తకాలు వెళ్ళాయి, చెదలు తిన్నవీ, వానకి తడిసినవీ, ఏదీ కాదనలేదు. ఇది మాత్రం చేయను. మళ్ళీ అడగకు.

నేను ఏ వేళకి అన్నది మామా కోడళ్ళు మాట్లాడుకునే మాట కాదు. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆరింటికి. ఒకటే.

ఇక నా బాధ విను. ఇవాళ ఐదో రోజు. హెడ్మాస్టరుగారు పొద్దున్న కటింగ్ మెషీను కిందికి దూరి బయటికి రానంటున్నారు. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. అన్నం ముట్టలేదు. నేను నేల మీద బోర్లా పడుకుని, చేయి చాచి పిలిస్తే నా వేలు ఒకసారి నాకి కళ్ళు మూసుకున్నారు. నాకు భయంగా ఉంది. మందుల షాపతను మనుషులు వాడే మందేదో ఇచ్చాడు. మధ్యాహ్నం అది వేద్దామనుకుంటున్నాను.

మీ మామయ్య

తా.క. కవరు అంటించేశాక ఒక అనుమానం వచ్చి మళ్ళీ విప్పాను. అమ్మా, ఈ మాట నీకు తెలుసా అసలు? మావాడు చిన్నప్పుడు పని ముగించుకుని నేరుగా దుకాణంలోకి వచ్చి, అయిందో లేదో, ఎంత అయిందో కస్టమర్లందరికీ ప్రకటించేవాడు. అది భరించలేక మీ అత్తయ్య వాడికి "ఉత్తరం వేశాను" అని చెప్పడం నేర్పింది. చిన్నదైతే కార్డు. శబ్దమైతే టెలిగ్రాం. అప్పటి నుంచి మా ముగ్గురికీ అదే మాట. నువ్వు వచ్చేసరికి ఆవిడ లేదు, నీకు ఎవరు చెబుతారు? కాబట్టి నేనే చెప్పాలి. ఈ వయసులో మొదటిసారి ఈ మాట కాగితం మీద పెడుతున్నాను, అదీ కోడలికి. మలబద్ధకం. నీ పిల్లికి మలబద్ధకం. ఆ పెట్టె అందుకోసం కట్టిందే.


బుధవారం, పదకొండు గంటలు

మామయ్యగారూ,

నమస్కారాలూ అవీ తర్వాత. ఆ మందు వేయకండి. మనకి పనికొచ్చేవి కొన్ని పిల్లికి విషం. మనుషుల ఎనిమా కూడా వద్దు. ఎవరైనా చెప్పారని నోట్లో నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముందు ఒకటి చూడండి. ఇవాళ కార్డు పడిందా? మగపిల్లి పెట్టె దగ్గర ఇబ్బంది పడుతోందంటే ఒక్కోసారి ఆగిపోయింది మూత్రం అయ్యుంటుంది. అదైతే ఒక్క పూట కూడా ఆగకూడదు. పడినా పడకపోయినా, వాంతులయ్యాయి కాబట్టి ఇప్పుడే బుట్టలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎన్ని రోజులైందో, ఏం తింటున్నాడో, ఎన్ని నీళ్ళు తాగుతున్నాడో, ఇంట్లో ఈమధ్య ఏం మారిందో అన్నీ చెప్పండి. మాట దాచకండి.

గంట గంటకీ రీడింగు తీయాలి, నేను కదలలేను. వ్యాను సాయంత్రం గానీ రాదు. అందుకని మా ఆఫీసరుగారే స్కూటరు మీద ఈ ఉత్తరం తెస్తున్నారు. వాడికి ఏమైనా అయితే తప్పు మీది కాదు, నాది. రెండు రోజులు నవ్వుతూ కూర్చున్నాను.

మీ కోడలు

తా.క. గోడకి అంటిస్తానన్న మాట మరిచిపోండి. మీ అబ్బాయివి నిజంగా ఉత్తరాలే. తూకం వేయించినదీ ఉత్తరమే. ఇంకో సంగతి. మా నాన్న ఆఫీసులో గుమాస్తా, మా ఇంట్లో దీన్ని "ఫారం నింపడం" అంటాం. పెళ్ళయిన కొత్తలో మీరు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం, "ఇవాళ పదహారు ఫారాలు అయ్యాయమ్మా, నడుం పడిపోయింది." నేను ఎంత కంగారు పడ్డానో ఇప్పుడు చెబుతున్నాను.


గురువారం ఉదయం

మా కోడలికి, తప్పు చేసిన మామయ్య రాస్తున్నది.

మొదటే చెబుతున్నాను, బతికాడు. ఇక నిదానంగా చదువు.

మీ ఆఫీసరుగారు చెమటలు కక్కుతూ వచ్చి ఉత్తరం ఇచ్చారు. చదువుతూనే బుట్ట పట్టుకుని బయల్దేరాను. దుకాణం తాళం వేశానో లేదో కూడా చూసుకోలేదు, వేయలేదట. కార్డు పొద్దున్నే పడింది, ఆ ధైర్యంతో వెళ్ళాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న పిల్ల, గొంతు మాత్రం పెద్దది. గది నిండా జనం. ఒకాయన ఒళ్ళో కుందేలు, ఇంకొకావిడ దగ్గర కుక్కపిల్ల. "ఏమిటండీ సమస్య?" అంది. "ఐదు రోజులుగా ఉత్తరం వేయలేదమ్మా" అన్నాను, అలవాటు. "ఎవరికి?" అంది. నేను జేబులోంచి పెన్సిలు తీసి నీకు రాసిన మాటే ఒక కాగితం ముక్క మీద రాసి చేతికిచ్చాను. "ఓ, మలబద్ధకమా" అని వీధి చివరికి వినపడేలా చదివింది. కుందేలాయన నా వైపు జాలిగా చూసి, పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు తాగండి అన్నాడు. పిల్లికండీ అని చెప్పుకోవలసి వచ్చింది.

ఆ పిల్ల చేతులు మాత్రం మంచివి. వాడి పొట్ట రెండు పక్కలా మెల్లగా నొక్కి, "ఇదిగో, గోలీల వరసలా తగులుతోంది చూడండి" అని నా చేయి తీసుకుని పెట్టింది. నాకూ తగిలింది. తర్వాత ఎక్స్‌రే తీసి వెలుతురుకి పెట్టి చూపించింది. పేగు పొడుగునా తెల్లగా, గట్టిగా. తుంటి దగ్గర కూడా వేలు పెట్టి ఏదో చూసుకుంది. చర్మం కిందికి నీళ్ళు ఎక్కించాలి, లోపల మెత్తబరిచి ఎనిమా ఇవ్వాలి, సాయంత్రం దాకా ఇక్కడే వదిలి వెళ్ళండి అంది.

నేను వెళ్ళలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి వాడు ఒకసారి అరిచాడు. అమ్మా, నాకు ఏడుపొచ్చింది. మీ అత్తయ్యని ఆసుపత్రిలో పెట్టినప్పుడు కూడా నేను ఇలాగే బయట బల్ల మీద కూర్చున్నాను, ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. నిన్న మాత్రం పక్కన కూర్చున్న కుందేలాయనకి అన్నీ చెప్పాను. నిఘంటువు సంగతి, దారం సంగతి, నా వేలు నాకిన సంగతి. ఆయన తన వంతు వచ్చినా లేవకుండా విన్నాడు.

నాలుగింటికి డాక్టరమ్మ తలుపు తీసి, అందరి ముందూ, "తాతగారూ, మీ ఉత్తరం వచ్చేసింది" అంది. అక్కడున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నా తప్పు విను. ఇంట్లో ఏం మారిందని డాక్టరమ్మ అడిగింది. పెట్టె గురించి చెప్పాను, కొంచెం గొప్పగానే చెప్పాను. అంచు ఎంత ఎత్తు అంది. జానెడు పైనే అన్నాను. ముసలితనంతో వాడి తుంటి కీళ్ళు అరిగాయట. అంత ఎత్తు ఎక్కితే నొప్పి. ఎక్కలేక ఆపుకున్నాడు, ఆపుకున్నకొద్దీ గట్టిపడింది, గట్టిపడ్డకొద్దీ ఇంకా ఆపుకున్నాడు. పైగా కార్డులు వేసింది కూడా పెట్టెలో కాదు, పక్కన పరిచిన గోనెపట్టా మీద. అదీ నేను పట్టించుకోలేదు. నీళ్ళ గిన్నె ఆ పెట్టె పక్కనే పెట్టాను, పిల్లులు అలాంటి చోట సరిగ్గా తాగవట. ఎండు తిండి తప్ప వేరే పెట్టలేదు.

ఇప్పుడు తియ్యటి మందు పూటకి ఇంతని రాసిచ్చింది, కీళ్ళ నొప్పికి వేరే మందు. తడి తిండి పెడుతున్నాను. నాలుగు చోట్ల నీళ్ళు పెట్టాను. నువ్వు ఇచ్చి వెళ్ళిన ఆ పొట్టి ప్లాస్టిక్ తొట్టినే మళ్ళీ తెచ్చి పెట్టాను. పొద్దున్న అందులోకి నడుచుకుంటూ వెళ్ళి, తన పని తాను చూసుకుని వచ్చాడు. నేను వేరే వైపు చూస్తూ నిలబడ్డాను.

అమ్మా, నువ్వు నన్ను అడిగింది ఒకే ఒక్క పని. నా పనితనం చూపించుకోవాలన్న సంబరంలో నీ పిల్లిని చంపినంత పని చేశాను. ఇక నా మీద నాకు నమ్మకం లేదు. డాక్టరమ్మ తెలిసినవాళ్ళింట్లో నువ్వు వచ్చేదాకా ఉంచుతానంది. వాళ్ళకి పిల్లుల సంగతి తెలుసు. నువ్వు సరేనంటే శనివారం నేనే దించి వస్తాను. వాడి బుట్ట తుడిచి పెట్టాను. ఈ కొలువు నాకు తగదు, వదులుకుంటున్నాను.

మీ మామయ్య

తా.క. డాక్టరమ్మ మూడు పార్సిళ్ళని చెప్పింది. నువ్వు వద్దన్నావు గానీ, దాచమంటారా అని ఆవిడ అడిగింది కాబట్టి అడుగుతున్నాను, పరీక్షకి ఏమీ పంపనక్కర్లేదు కదా?


గురువారం సాయంత్రం

ఈ సాయంత్రం తప్పకుండా దుకాణంలోనే ఉండి, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ఇది చదవాల్సిన మామయ్యగారికి, మీ కోడలు.

మీరు వదులుకోవడానికి వీల్లేదు. శనివారం ఆ బుట్ట గడప దాటితే నేను ఇక్కడ గాలి కొలవడం మానేసి కిందికి దిగొస్తాను.

తుంటి సంగతి నాకు ముందే తెలియాలి. కుర్చీ మీదికి దూకేవాడు, ఆర్నెల్లుగా దూకడం లేదు. ముసలివాడయ్యాడు, బద్ధకం అనుకున్నాను. పదకొండేళ్ళు పెంచినదానికి తెలియనిది రెండు వారాలు చూసుకున్న మీకెలా తెలుస్తుంది? వాడు తినడం తగ్గించాడని రాసిందీ మీరే, దారం వైపు చూడలేదని కనిపెట్టిందీ మీరే. నేల మీద పడుకుని చేయి చాచిందీ మీరే. వాణ్ణి నాకన్నా బాగా చూశారు.

ఇప్పుడు నా తప్పు వినండి. మీ తప్పు కన్నా పెద్దది.

మీకు ఒక అబద్ధం చెప్పాను. ఇక్కడ పిల్లుల్ని ఉంచనివ్వరన్నది నిజం కాదు. ఈ కేంద్రంలో మూడు పిల్లులున్నాయి. ఒకటి మా ఆఫీసరుగారిదే, రోజూ వానమాపకం పక్కనే పడుకుంటుంది. హెడ్మాస్టరుని తెచ్చుకోమని ఆయనే అన్నారు.

పెళ్ళయ్యాక మీ ఇంట్లో రెండు నెలలున్నాను. మీ అబ్బాయి డ్యూటీలోనే ఉండేవారు. ఇంట్లో మీరూ నేనూ. మీరు నన్ను ఒక్క మాట అనలేదు, నాతో పట్టుమని పది మాటలు మాట్లాడిందీ లేదు. నా మీద కోపమేమో అనుకుని ఏడ్చేదాన్ని. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న ఇంతే, నాతోనూ అంతే అని మీ అబ్బాయి చెప్పారు. కొలవడం నా ఉద్యోగం కదా, మీ మాటలు కూడా కొలిచాను. రోజుకి ఆరో ఏడో పడేవి. కొన్ని రోజులు చుక్క లేదు.

ఒకరోజు హెడ్మాస్టరు మీ ఫారాల మీద ఎక్కి కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. "లేవండి మేష్టారూ, పదహారో పేజీ నలిగిపోతోంది, మీకు చదువొచ్చు కదా, చూసుకోవద్దూ" అని మీరు వాడితో మాట్లాడుతూనే ఉన్నారు. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. నేను గ్యాసు కట్టేసి అలాగే నిలబడి విన్నాను. ఆ రోజే అనుకున్నాను, ఇక్కడికి నేనొక్కదాన్నే రావాలని.

వాణ్ణి మీకు అప్పగించి రాలేదు మామయ్యగారూ. మిమ్మల్నే వాడికి అప్పగించి వచ్చాను.

నిన్న మీ ఉత్తరం చదివినప్పుడు మాత్రం నా అతితెలివి వాడి ప్రాణం మీదికి తెచ్చిందని వణికిపోయాను. ఆఫీసరుగారు తిరిగొచ్చేదాకా నేను రాసిన రీడింగులు ఒక్కటీ సరిగ్గా లేవు. ఈ జిల్లా మొత్తానికి నిన్న మధ్యాహ్నం వాతావరణం ఏమిటో ఎవరికీ తెలియదు. కానీ ఇవాళ మీరు ఆసుపత్రి బల్ల మీద కుందేలాయనతో అన్నీ చెప్పుకున్నానని రాస్తే, ఆ ఒక్క పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. ఈ నాలుగు రోజుల్లో మీరు నాకు పద్దెనిమిది పేజీలు రాశారు. నాకు అమ్మానాన్నా ఉన్నారు, అయినా ఇంకొక నాన్న దొరికాడని పక్కగది అమ్మాయికి చెప్పుకున్నాను.

వాడు మీ దగ్గరే ఉంటాడు. మూడు నెలలయ్యాక కూడా. నేను ఇంటికి వచ్చేది వాణ్ణి తీసుకెళ్ళడానికి కాదు, మీ ఇద్దరితో ఉండడానికి.

మీ కోడలు

తా.క. ఇవేవీ మీ అబ్బాయికి చెప్పకండి. ఆయనా మీ పోలికే, కాగితం చేతికిస్తే రోజుకి రెండు రాస్తారు, ఎదురుగా కూర్చోబెడితే రైలు కూత తప్ప ఇంట్లో శబ్దం ఉండదు. ఆఫీసరుగారి పిల్లి వచ్చే నెల ఈనుతుంది. మీ అబ్బాయి కోసం ఒక కూనని చెప్పి ఉంచాను.